గర్భంలో ఐరన్ మాత్రలు, షుగర్ భయం: రెండూ ఎలా సరిచూసుకోవాలి

"అక్కా, ఐరన్ గోలీలు వేసుకుంటే షుగర్ వస్తదంట గదా, ఆపేయాల్నా?"

గర్భిణులకు తిండి గురించి సలహాలు చెప్పే పని నాది. వారం తిరిగేసరికి ఎవరో ఒకరు ఈ మాట అడుగుతూనే ఉన్నారు. ఒకరు వీడియోలో చూశామంటారు, ఇంకొకరికి అమెరికాలో ఉన్న ఆడపడుచు చెప్పిందట. అడిగేవాళ్ల గురించి నాకు బెంగ లేదు. అడగకుండానే మాత్రలు బీరువాలో పెట్టేసి, ఏఎన్ఎం అడిగితే "వేసుకుంటున్నా" అనేవాళ్ల గురించే. మా చెల్లెలు అదే పని చేసింది. ఐదో నెలలో ఎవరికీ చెప్పకుండా మానేసింది. ఏడో నెలకి మెట్లెక్కితే ఆయాసం, పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.4. అందుకే ఈసారి అంతా ఒకచోట, వరసగా రాస్తున్నాను.

ముందు సూటిగా జవాబు. గర్భం మొదట్లో ఒంట్లో ఇనుము నిల్వలు బాగా ఎక్కువగా ఉన్న ఆడవాళ్లలో గర్భకాలపు షుగర్ కాస్త ఎక్కువగా కనిపించిందని చాలా అధ్యయనాలు చెప్పిన మాట నిజం. అయితే నిల్వలను కొలిచే ఫెరిటిన్ అనే పరీక్ష ఒంట్లో వాపు ఉన్నా, బరువు ఎక్కువున్నా కూడా పెరుగుతుంది. ఆ బరువే షుగర్‌కీ కారణం కావచ్చు. మరి మాత్రల వల్లే వస్తుందా? హాంకాంగ్‌లో వెయ్యి మందికి పైగా గర్భిణులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు రోజూ 60 మి.గ్రా. ఇనుము ఇచ్చి చూశారు. 2009లో ఫలితం వచ్చింది: మాత్రలు వేసుకున్న జట్టులో షుగర్ ఎక్కువేమీ రాలేదు.

మన దగ్గర అసలు ఇబ్బంది దీనికి ఎదురు వైపున ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత. నిల్వ లేనివాళ్లు భయపడి మాత్ర మానేస్తే కాన్పులో రక్తం పోయినప్పుడు ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి నిల్వ తక్కువైతే మాత్ర తప్పనిసరి, నిల్వ నిండుగా ఉంటే అదనపు మోతాదు వద్దు, షుగర్ పరీక్ష మాత్రం అందరికీ. కింద రాసిందంతా ఈ మూడింటినీ ఇంట్లో ఎలా నడిపించాలన్నదే.

కావలసినవి

- మీ ఎంసీపీ కార్డు (గర్భిణులకు ఇచ్చే తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు), ఇప్పటిదాకా చేయించిన రక్త పరీక్షల కాగితాలన్నీ
- సీబీపీ, అంటే రక్తకణాల లెక్కలన్నీ చూపే పరీక్ష రిపోర్టు. ఒక్క హిమోగ్లోబిన్ అంకె చాలదు, మొత్తం కాగితం కావాలి
- వీలైతే ఫెరిటిన్ పరీక్ష. ఇది అన్ని పీహెచ్‌సీల్లో దొరకదు, బయట ల్యాబ్‌లో చేయించుకోవాల్సి రావచ్చు
- మీరు వేసుకునే ప్రతి మాత్ర స్ట్రిప్పు: ఐరన్, కాల్షియం, థైరాయిడ్, గ్యాస్ మాత్ర, టానిక్కులు
- గోడ క్యాలెండరు, పెన్ను

1. ముందు సీబీపీ కాగితం చదవండి

మూడు అంకెలు చూస్తే చాలు. హిమోగ్లోబిన్ మొదటి మూడు నెలల్లోనూ చివరి మూడు నెలల్లోనూ 11కి తగ్గకూడదు. మధ్య మూడు నెలల్లో రక్తంలో నీటి భాగం పెరుగుతుంది కాబట్టి 10.5 దాకా పరవాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో మాత్రం ఏ నెలలోనైనా 11 కంటే తక్కువైతే రక్తహీనతగానే చూస్తారు. 7 కంటే తక్కువైతే ఇది చదవడం ఆపి, ఈరోజే ఆసుపత్రికి వెళ్లండి.

రెండోది ఎంసీవీ, అంటే ఎర్రకణాల సగటు సైజు. ఇది 80 కంటే తక్కువుంటే ఎర్రకణాలు చిన్నవైపోయాయని అర్థం, ఎక్కువగా ఇనుము తక్కువైనప్పుడే ఇలా అవుతుంది. మూడోది ఎర్రకణాల సంఖ్య. ఎంసీవీ బాగా తక్కువగా ఉండి, ఎర్రకణాల సంఖ్య మాత్రం మామూలుగానో ఎక్కువగానో ఉంటే డాక్టర్‌కి తప్పకుండా చూపించండి. అది తలసీమియా అనే వంశపారంపర్య రక్త జబ్బుకు క్యారియర్ (జబ్బు లేకున్నా దాని జన్యువు మోసేవాళ్లు) లక్షణం కావచ్చు. వీళ్లలో కొందరికి ఇనుము నిల్వలు సరిపడా ఉంటాయి, హిమోగ్లోబిన్ మాత్రం 10 దగ్గరే ఆగిపోతుంది. పెరగట్లేదని మాత్రలు రెట్టింపు చేస్తూ పోతే లాభం లేకపోగా ఇనుము అనవసరంగా పేరుకుంటుంది. హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్షతో ఇది తేలిపోతుంది. భార్య క్యారియర్ అని తేలితే భర్తకూ ఆ పరీక్ష చేయించాలి, ఆలస్యం చేయకూడదు.

2. ఫెరిటిన్ చేయిస్తే సరైన రోజున చేయించండి

డబ్బులు పెట్టి చేయించి తప్పు అంకె తెచ్చుకునేవాళ్లు చాలామంది. జ్వరం, దగ్గు, మూత్రంలో ఇన్ఫెక్షన్, పంటి వాపు ఉన్నప్పుడు ఫెరిటిన్ ఉత్తుత్తిగా పెరిగి కనిపిస్తుంది. తగ్గి రెండు మూడు వారాలయ్యాక చేయించండి. ఆగే వీల్లేకపోతే ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ పరీక్ష కూడా కలిపి చేయమనండి, అది ఎక్కువగా ఉంటే ఫెరిటిన్ అంకెను నమ్మకూడదు. సెలైన్‌లో ఐరన్ ఎక్కించుకున్నవాళ్లకు కనీసం నెల రోజుల దాకా ఫెరిటిన్ చాలా ఎక్కువ చూపిస్తుంది. దాన్ని చూసి కంగారు పడకండి.

అంకెను ఇలా చదవండి. 15 కంటే తక్కువైతే నిల్వలు ఖాళీ అయిపోయినట్టే. 15 నుంచి 30 మధ్య ఉంటే చాలామంది డాక్టర్లు తక్కువగానే లెక్కేసి మందు ఇస్తారు. 30 దాటితే మొదటి నెలల్లో సరిపడా ఉన్నట్టు. నెలలు గడిచేకొద్దీ బిడ్డ తీసుకుంటుంది కాబట్టి ఈ అంకె తగ్గడం సహజం. మొదటి నెలల్లోనే 150 దాటి ఉంటే, జ్వరమూ వాపూ లేకపోతే, ఎందుకుందో డాక్టర్‌ని అడగాలి. ఇంత దాటితే షుగర్ వస్తుందని గీత గీసి చెప్పే అంకె ఏదీ లేదు. అలా చెప్పే వీడియోలను నమ్మకండి.

ఫెరిటిన్ చేయించుకునే వీలు లేదా? పరవాలేదు. హిమోగ్లోబిన్ తక్కువగా ఉంటే మాత్రలు మొదలుపెట్టి, నెల తర్వాత పెరిగిందో లేదో చూడటమే పరీక్ష. పల్లెల్లో ఎప్పటినుంచో నడుస్తున్న పద్ధతి ఇదే, చాలామందికి ఇది చాలు.

3. మీరు ఎటువైపు ఉన్నారో తేల్చుకోండి

హిమోగ్లోబిన్ 11, ఆ పైన ఉంటే: నాలుగో నెల నుంచి రోజుకు ఒక ఎర్ర మాత్ర. ప్రభుత్వం ఇచ్చే ఈ మాత్రలో 60 మి.గ్రా. ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. గర్భంలో 180 రోజులు, కాన్పు తర్వాత మరో 180 రోజులు.

7 నుంచి 10.9 మధ్య ఉంటే: రోజుకు రెండు మాత్రలు, నెలనెలా హిమోగ్లోబిన్ పరీక్ష.

హిమోగ్లోబిన్ 13 దాటి, ఫెరిటిన్ కూడా ఎక్కువగా ఉంటే: మాత్ర ఉంచాలా తగ్గించాలా అన్నది డాక్టర్ చెప్పాలి, మీరుగా ఆపొద్దు. మీరుగా ఆపాల్సినవి మాత్రం ఉన్నాయి. ఎర్ర మాత్రకు తోడు మెడికల్ షాపు టానిక్, దానికి తోడు ఐరన్ కలిసిన మల్టీవిటమిన్, పైన ప్రోటీన్ పొడి. స్ట్రిప్పులన్నీ ముందేసుకుని ఒక్కోదాంట్లో ఇనుము ఎంతో కూడి చూడండి. స్ట్రిప్పు మీద మందు పేరు పక్కన ఉన్న పెద్ద అంకె కాదు, అందులో 'ఎలిమెంటల్ ఐరన్' ఎంత అని రాసిన అంకె చూడాలి. అది కనబడకపోతే షాపులో అడగండి.

అమెరికాలో ఉన్న మీ బంధువు వేసుకునే విటమిన్ మాత్రలో ఎక్కువగా 27 మి.గ్రా. ఇనుమే ఉంటుంది. ఇంగ్లండులో తక్కువున్నవాళ్లకే ఇస్తారు, అందరికీ ఇవ్వరు. వాళ్లు "అంత డోసా?" అని ఆశ్చర్యపోవడంలో తప్పు లేదు. కానీ వాళ్ల తిండి వేరు, వాళ్ల దగ్గర రక్తహీనత లెక్కలు వేరు. వాళ్ల మాట మీద మీ మోతాదు మార్చుకోకండి.

4. మాత్ర ఒంటికి పట్టేలా వేసుకోండి

పరగడుపున బాగా పడుతుంది. కడుపులో తిప్పితే రాత్రి అన్నం తిన్న గంటన్నర, రెండు గంటలకు వేసుకుని పడుకోండి. నిమ్మరసం కలిపిన నీళ్లతోనో, చిన్న ఉసిరికాయ ముక్కతోనో, సగం జామకాయతోనో వేసుకుంటే ఇంకా మంచిది. నిమ్మరసంలో చక్కెర వేయకండి.

ఎక్కువగా జరిగే తప్పులు ఇవి:

- టీ, కాఫీ, పాలతో మాత్ర మింగడం. ముందు గంట, తర్వాత గంట వాటి జోలికి పోవద్దు.
- కాల్షియం మాత్రతో కలిపి వేసుకోవడం. "రెండూ ఒకేసారి అయిపోతాయి కదా" అంటారు. రెంటికీ మధ్య కనీసం రెండు గంటలు ఉండాలి. కాల్షియం పొద్దున టిఫిన్‌తో, మధ్యాహ్నం అన్నంతో, ఐరన్ రాత్రికి. ఇలా పెట్టుకుంటే మర్చిపోరు.
- థైరాయిడ్ మాత్ర వేసుకున్న కాసేపటికే ఐరన్ వేసుకోవడం. వీటికి నాలుగు గంటల ఎడం కావాలి, లేకపోతే థైరాయిడ్ మందు పనిచేయదు.
- రోజూ గ్యాస్ మాత్ర వేసుకుంటూ డాక్టర్‌కి చెప్పకపోవడం. కడుపులో ఆమ్లం తగ్గితే ఇనుము సరిగా పట్టదు.
- నిన్న మర్చిపోయామని ఇవాళ రెట్టింపు మింగడం. వదిలేయండి, మామూలుగా కొనసాగించండి.

విరేచనం నల్లగా అవుతుంది. అది మంచి గుర్తే, మాత్ర లోపలికి పోతోందని అర్థం. మలబద్ధకం వస్తే నీళ్లు పెంచి, ఆకుకూర పెంచి, సాయంత్రం నడవండి. అప్పటికీ తగ్గకపోతే వేరే రకం ఐరన్ ఇమ్మని అడగండి, మానేయకండి. వాంతులు తగ్గని మొదటి మూడు నెలల్లో ఫోలిక్ యాసిడ్ ఒక్కటే చాలు, తొందరపడి ఐరన్ మొదలుపెట్టనక్కర్లేదు. నాలుగో నెలలో ఒకసారి నులిపురుగుల మాత్ర ఇస్తారు, అది వదులుకోవద్దు. నులిపురుగులుంటే మీరు మింగే ఇనుము వాటి పాలవుతుంది.

ఒక హెచ్చరిక. ఎర్రగా, తియ్యటి పూతతో ఉండే ఈ మాత్రలు పెద్ద పిల్ల కంటికి చాక్లెట్ బిళ్లల్లా కనబడతాయి. చిన్నపిల్లలు గుప్పెడు మింగితే ప్రాణం పోవచ్చు. దిండు కింద, టీవీ మీద పెట్టకండి. పై అరలో, మూతున్న డబ్బాలో ఉంచండి.

5. రక్తం పేరుతో తీపి తినడం ఆపండి

నన్నడిగితే మన ఇళ్లలో షుగర్‌ని తెచ్చేది ఐరన్ మాత్ర కాదు. రక్తం పట్టాలని పెట్టే తీపి. హిమోగ్లోబిన్ 9 అని తెలియగానే అత్తగారు ఖర్జూరాలు నానబెడతారు, అమ్మ డ్రైఫ్రూట్ లడ్డూలు పంపిస్తుంది, పక్కింటివాళ్లు దానిమ్మ రసం, బీట్‌రూట్ రసం తాగమంటారు. అంగన్‌వాడీ నుంచి చిక్కీ, బెల్లం వస్తాయి. ప్రేమతో పెట్టేవే అన్నీ. కానీ లెక్క చూడండి. ఐదు ఖర్జూరాల్లో ఇనుము ఒకటి రెండు మి.గ్రా. మించదు, చక్కెర మాత్రం పాతిక గ్రాముల దాకా ఉంటుంది. నిమ్మకాయంత బెల్లం ముక్కలో ఇనుము రెండు మి.గ్రా. కూడా ఉండదు. బీట్‌రూట్, దానిమ్మ ఎర్రగా ఉంటాయి అంతే, వాటిలో ఇనుము స్వల్పం. మీరు వేసుకునే ఒక్క మాత్రలో 60 మి.గ్రా.

అంగన్‌వాడీలో ఇచ్చేది పారేయమని కాదు. కటికపేదరికంలో ఆ చిక్కీయే బలం. బరువు తక్కువున్నవాళ్లు, షుగర్ పరీక్ష మామూలుగా వచ్చినవాళ్లు రోజుకు ఒక ముక్క తినొచ్చు. బరువు ఎక్కువున్నవాళ్లు, ఇంట్లో అమ్మకో నాన్నకో షుగర్ ఉన్నవాళ్లు, ముందు పీసీఓడీ ఉన్నవాళ్లు వీటి బదులు ఇవి పెట్టుకోండి:

- నువ్వుల ఉండ బదులు నువ్వుల కారప్పొడి
- బెల్లం పోసిన రాగి జావ బదులు మజ్జిగ, ఉల్లిపాయ కలిపిన అంబలి. ఐరన్ మాత్ర వేళకు మాత్రం కాదు
- మునగాకు పప్పు, తోటకూర వేపుడు, గోంగూర. చివర్లో నిమ్మకాయ పిండితే మేలు
- ఉలవచారు, ఉడికించిన శనగలు, అలసందల గుగ్గిళ్లు
- గుడ్డు, చేప, వారానికి ఒకటి రెండుసార్లు మాంసం

పులుసు, చారు వంటి పుల్లటివి ఇనుప మూకుడులో వండితే కూరలోకి కొంత ఇనుము దిగుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటుంటే మానుకోండి, ఆకుకూర తిన్న ఫలం సగం పోతుంది.

కార్జం గురించి కూడా చాలామంది అడుగుతారు. రక్తానికి మంచిదని వారం వారం పెట్టేవాళ్లున్నారు. అందులో ఇనుముతో పాటు విటమిన్ ఎ చాలా ఎక్కువ, అది మోతాదు మించితే కడుపులో బిడ్డకు మంచిది కాదు. మొదటి మూడు నెలల్లో అసలు వద్దు. తర్వాతైనా డాక్టర్‌ని అడగకుండా తినొద్దు.

6. షుగర్ పరీక్ష రెండుసార్లు చేయించుకోండి

మన దేశంలో అనుసరించే పద్ధతి తేలికైనది. 75 గ్రాముల గ్లూకోజ్‌ను సుమారు 300 మి.లీ. నీళ్లలో కలిపి తాగిస్తారు, రెండు గంటలకు రక్తం తీస్తారు. పరగడుపున ఉండనక్కర్లేదు. 140, ఆ పైన వస్తే గర్భకాలపు షుగర్. దూరం నుంచి బస్సెక్కి వచ్చే గర్భిణిని ఉపవాసం ఉంచనక్కర్లేకుండా ఈ పద్ధతిని దేశంలో నిలబెట్టడంలో చెన్నై వైద్యుడు వి. శేషయ్య కృషి పెద్దది. ఆయన పుట్టినరోజు మార్చి 10నే గర్భకాలపు షుగర్ అవగాహన దినంగా జరుపుతున్నారు.

మొదటిసారి కార్డు రాయించుకున్న రోజునే. మామూలుగా వస్తే మళ్లీ 24 నుంచి 28 వారాల మధ్య. "మొదటిసారి బాగానే వచ్చింది కదా" అని రెండోది ఎగ్గొట్టడమే ఎక్కువమంది చేసే తప్పు. షుగర్ ఎక్కువగా బయటపడేది ఆ ఆరో నెలలోనే. సీమంతం అయ్యి పుట్టింటికి వెళ్లే హడావిడిలో చాలామందికి ఇది తప్పిపోతుంది. క్యాలెండర్‌లో ఆ నాలుగు వారాలకూ ఇప్పుడే గీత పెట్టుకోండి, కాగితాలు పుట్టింటికి మీతో తీసుకెళ్లండి.

ఆ రోజు జాగ్రత్తలు: గ్లూకోజ్ నీళ్లు ఐదు పది నిమిషాల్లో పూర్తిగా తాగాలి. వెగటుగా ఉంటే నిమ్మరసం పిండుకోవచ్చు. రెండు గంటలూ ఏమీ తినకుండా కూర్చోండి, బజారు పనులు పెట్టుకోవద్దు. అరగంట లోపే వాంతయితే పరీక్ష చెల్లదు, మర్నాడు మళ్లీ చేయించాలి. అరగంట దాటాక అయితే కొనసాగించవచ్చు. బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్ తీసుకుని ఉంటే ఆ మాట చెప్పండి, కొన్నాళ్లు షుగర్ ఎక్కువ చూపిస్తుంది.

కొన్ని ప్రైవేటు ఆసుపత్రుల్లో పరగడుపున రక్తం తీసి, గ్లూకోజ్ ఇచ్చి, గంట తర్వాత ఒకసారి, రెండు గంటల తర్వాత ఇంకోసారి తీస్తారు. అక్కడ పరగడుపున 92, గంటకు 180, రెండు గంటలకు 153. వీటిలో ఏ ఒక్కటి అందుకున్నా షుగర్ కిందే లెక్క. ఏ పద్ధతిలో చేశారో అడిగి కాగితం మీద రాయించుకోండి. ఒక పద్ధతి అంకెను ఇంకో పద్ధతి గీతతో పోల్చి ఊరికే ఏడ్చినవాళ్లను చూశాను.

ఇక్కడే ఐరన్‌కీ షుగర్‌కీ ఇంకో ముడి ఉంది. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఇనుము తక్కువున్నవాళ్లలో ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. మాత్రలు మొదలుపెట్టి కొత్త ఎర్రకణాలు వచ్చాక అదే తక్కువ చూపిస్తుంది. కాబట్టి రక్తహీనత ఉన్న గర్భిణి ఆ ఒక్క అంకె చూసి షుగర్ ఉందనుకోకూడదు, లేదనీ అనుకోకూడదు. గ్లూకోజ్ తాగి చేసే పరీక్షే నమ్మదగింది.

7. షుగర్ ఉందని తేలినా ఐరన్ ఆపకండి

రక్తం తక్కువున్నవాళ్లకు మాత్ర కొనసాగాల్సిందే. మారేవి తిండి, నడక. అన్నం కొలిచి తినడం, ఒకేసారి కాకుండా కొంచెం కొంచెంగా ఐదారుసార్లు తినడం, డాక్టర్ వద్దనకపోతే రోజూ అరగంట నడవడం. రెండు వారాల తర్వాత తిన్న రెండు గంటలకు చూసే షుగర్ 120 లోపుండాలి. లేకపోతే మందో ఇన్సులినో ఇస్తారు. వాటితో పాటు ఐరన్ వేసుకోవచ్చు. సిరప్ వాడేవాళ్లు మాత్రం డాక్టర్‌కి చూపించండి, కొన్నింటిలో చక్కెర ఉంటుంది. వాటి బదులు మాత్రకు మారొచ్చు.

8. నెలకోసారి ఫలితం సరిచూసుకోండి

మాత్రలు మొదలుపెట్టిన రోజు క్యాలెండర్‌లో రాసుకోండి. వేసుకున్న ప్రతి రోజూ టిక్ పెట్టండి. నెల తర్వాత అదే ల్యాబ్‌లో హిమోగ్లోబిన్ చేయించండి. వేలి చుక్కతో చేసిన అంకెనీ ల్యాబ్ అంకెనీ పోల్చకండి. కనీసం 1 గ్రాము పెరగాలి. పెరగకపోతే ముందు టిక్కులు లెక్కపెట్టండి: ముప్పైలో పదిహేనే ఉంటే కారణం తెలిసిపోయింది. టిక్కులన్నీ ఉండి కూడా పెరగకపోతే టీ, కాల్షియం సంగతి చూసుకుని, పెద్దాసుపత్రికి వెళ్లండి. తలసీమియా, బి12 లోపం, మొలల నుంచి రక్తం పోవడం వంటివి అక్కడ వెతుకుతారు. అవసరమైతే సెలైన్‌లో ఐరన్ ఎక్కిస్తారు. అది ఆసుపత్రిలోనే, మూడో నెల దాటాకే. ఇంటి దగ్గర ఎవరో వచ్చి ఎక్కిస్తామంటే ఒప్పుకోకండి.

పడుకున్నా ఆయాసం, గుండె దడ, ముఖం పాలిపోవడం, కాళ్ల వాపు ఉంటే నెల ఆగొద్దు, ఆ రోజే వెళ్లండి.

9. కాన్పు తర్వాత

బిడ్డ పుట్టాక మాత్రలు మరో 180 రోజులు. పాలిచ్చే తల్లికి వేడి చేస్తుందని ఆపించేవాళ్లుంటారు, వినకండి. షుగర్ వచ్చినవాళ్లు ఆరు వారాలకు మళ్లీ 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష చేయించుకోవాలి. ఈసారి పరగడుపున వెళ్లాలి. బిడ్డకు ఆరు వారాల టీకా వేయించే రోజునే పెట్టుకుంటే మళ్లీ మరో రోజు తిరగక్కర్లేదు. తెల్లవారుజామున బిడ్డకు పాలిచ్చి, మీరేమీ తినకుండా, తోడు ఒకరిని తీసుకుని బయల్దేరండి.